మాగాయ ఊట మీద బూజు

ఉప్పులో ఏదీ బతకదని మా అత్తగారి నమ్మకం. బతికిందంటే ఎవరిదో చెయ్యి తగిలిందని అర్థం. నిరుడు ఎండాకాలం ఆ చెయ్యి మా అమ్మాయిదయ్యింది.

నేను రాజమండ్రిలో ఒక కాలేజీలో బోటనీ చెబుతాను. సెలవులకి భీమవరం పక్కన అత్తగారి ఊరు వెళ్ళడం, ఏడాదికి సరిపడా మాగాయ పెట్టుకు రావడం మాకు అలవాటు. చెక్కు తీసిన మామిడి ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో పెడితే మూడో రోజుకి ఊట దిగుతుంది. ముక్కలు పిండి, వాటినీ ఊటనీ విడివిడిగా మేడ మీద ఎండబెడతాం. ఆ ఊట చుక్క నాలుక మీద వేసుకుంటే మొహం ముడుచుకుపోతుంది, అంత ఉప్పన.

నిరుడు అలా ఎండబెట్టిన మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన వచ్చింది. భోజనాలయ్యి అందరం కునుకు తీస్తున్నాం. మా అమ్మాయి ఒక్కతే మెలకువగా ఉంది. ఆ రోజు తను బయట ఉంది. నెలసరి సమయంలో ఆ ఇంటి ఆడవాళ్ళు వంటింటి గడప తొక్కరు, పచ్చడి జాడీల జోలికి పోరు. అయినా పిల్ల పరుగెత్తి ఊట బేసిన్ లోపలికి లాగింది. రెండ్రోజులకి దాని మీద తెల్లటి పొర కట్టింది.

"ఎవరే దీన్ని ముట్టుకున్నది?" అన్నారు అత్తగారు.

"వాన పడుతోందని నేనే తెచ్చాను మామ్మా" అంది పిల్ల, మెచ్చుకుంటారనుకుని.

ఊటంతా పెరట్లో పారబోయించారు. వచ్చిన చుట్టాలకీ, పాలు పోసే ఆవిడకీ అదే కబురు. ఆ సెలవులన్నాళ్ళూ మా అమ్మాయి చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది.

ఎందుకంటే ఆ పొర సంగతి నాకు తెలుసు. ఎమ్మెస్సీ చదివేటప్పుడు కాకినాడ వైపు ఉప్పుమళ్ళకి వెళ్ళి నీళ్ళు పట్టుకొచ్చాను. సముద్రపు నీరు ఎండి ఎండి గట్ల మీద పెచ్చులు కట్టి, మన చెప్పుల మీద కూడా ఉప్పు పేరుకునే చోటు. ఆ నీళ్ళు ల్యాబ్‌లో పెడితే నల్లటి బూజు మొలిచింది. మామూలు ప్రాణి ఒంట్లో నీటిని ఉప్పు గుంజేస్తుంది, అది ఒరుగులా ఎండి చస్తుంది. ఈ బూజు గుంజనివ్వదు. చలికాలం పెదాలకి రాసుకునే గ్లిజరిన్ లేదూ, దాన్ని తనే తయారుచేసుకుని ఒళ్ళంతా నింపుకుంటుంది, దాంతో నీరు లోపలే నిలుస్తుంది. చొరబడ్డ ఉప్పుని ఎప్పటికప్పుడు బయటికి తోసేస్తుంది. మన జుట్టుకి నలుపునిచ్చే రంగులాంటిదే తన కణాల గోడలకి పట్టించి గట్టిపరుచుకుంటుంది. ఊట మీద తెల్లగా కట్టేది దాని చుట్టమే. ఉప్పుమళ్ళలో కాపురం పెట్టిన జాతికి వాన చినుకులు పడి పలచబడ్డ మా బేసిన్ ఒక లెక్కా? గాలిలో వస్తుంది, మామిడి తొక్క మీద వస్తుంది. ఏ ఆడపిల్ల సాయమూ దానికి అక్కర్లేదు.

ఇదంతా అత్తగారికి చెప్పాను. ఆవిడ చెడ్డావిడ కాదు, నా కాన్పుకి నాకంటే ఎక్కువ హడలిపోయిన మనిషి. "నువ్వు చదువుకున్నదానివి, కాదనను. కానీ మా అత్తగారి నాటి నుంచీ చూస్తున్నానమ్మా" అన్నారు.

ఈ ఏడు నేను మొండికేశాను. మాగాయ మా అమ్మాయే పెడుతుంది, ఏ రోజైనా సరే అన్నాను.

"ఏంటమ్మా ఈ పంతం? ఏడాది పొడుగునా తినేది!"

"పాడైతే ఏడాదంతా నేనొక్కదాన్నే తింటానండి."

మావారు పేపర్లోంచి తల ఎత్తలేదు.

పిల్లే ముక్కలు తరిగింది, ఉప్పు కలిపింది, పిండింది. ఆ తర్వాత మబ్బులు కమ్మి ఎండ మొహం చాటేసింది. ఊట గిన్నెకి గుడ్డ కట్టి వంటింట్లోనే ఉంచాం. ఎండ వచ్చిన రోజు గుడ్డ విప్పితే, మళ్ళీ పొర.

"చూశావా" అని కూడా అనలేదు అత్తగారు. ఆవిడ చూపు చాలు. పిల్లని మళ్ళీ అదే బోనులో నిలబెట్టానే అని దిగులేసింది.

మా అమ్మాయి మాత్రం వంగి, గరిటెతో ఆ పొర తీసి వెలుతురులో పట్టుకుని చూసింది.

"మామ్మా, ఇది పెట్టిన రోజు నుంచి నిన్నటిదాకా నేను బాగానే ఉన్నాను. ఇవాళ పొద్దున్నే బయట చేరాను. మరి ఇది ఎవరి వల్ల వచ్చింది?"

అత్తగారు గిన్నె దగ్గరికొచ్చి వంగి చూశారు.

"ఉప్పు తక్కువైంది, అంతే. ఇంకో గుప్పెడు పడాలి" అంటూ పిల్ల గట్టు మీది ఉప్పు జాడీ మూత తీసింది.

"అయ్యో, ఇవాళంటున్నావు కదే! ఆ జాడీ ముట్టుకోకు!"

"అవును మామ్మా, ఇవాళే" అంటూ మోచేతి దాకా చెయ్యి పెట్టింది.