పోయిన మోటారు, దొరికిన మోటారు

సినిమాల్లో తప్పులు వెతకడం నాకు పాలిటెక్నిక్‌లో అలవాటైంది. టిక్కెట్టు వెనక పెన్సిలుతో రాసుకునేవాణ్ణి. ఆరు గుళ్ళ రివాల్వరు తొమ్మిదిసార్లు పేలింది. మెయిను ఆపేశాక కూడా ఫ్యాను తిరిగింది. వీధికి ఒకవైపే వాన పడింది. డిప్లమా చేతికొచ్చి, ఉద్యోగం రాక, మావయ్య మోటారు వైండింగు షాపులో పనికి కుదిరాక కూడా ఆ అలవాటు పోలేదు.

షాపు మండపేట చుట్టుపక్కల ఒక చిన్న ఊళ్ళో ఉండేది. ఊరి పేరు రాయను. తొంభైల చివరి రోజులు. రైసు మిల్లుల మోటార్లూ, చేపల చెరువుల మోటార్లూ కాలిపోయి మా దగ్గరికి వచ్చేవి. కాలిన తీగ తీసేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి, బల్బులు వెలిగించిన చెక్క పెట్టెలో ఆరబెట్టి ఇచ్చేవాళ్ళం. ప్రతి మోటారుకీ పుస్తకంలో ఒక పేజీ. నంబరు ప్లేటు మీది నంబరు, హార్స్ పవర్, స్లాట్లు, చుట్లు, తీగ గేజి, వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ. మావయ్య అవన్నీ నోటి లెక్కన నడిపేవాడు. పుస్తకం నేను మొదలుపెట్టాను.

ఒకరోజు పొద్దున్న హెడ్ కానిస్టేబులు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంజినీరు గారూ, చిన్న సంతకం కావాలండి. ఐదు నిమిషాల పని."

మావయ్య తీగ చుడుతూ తలెత్తకుండానే అన్నాడు, "వెళ్ళిరా. పోయినసారి నేను పెట్టాను."

పోలీసులు ఏ సొత్తు పట్టుకున్నా ఇద్దరు మధ్యవర్తులు చూసినట్టు సంతకాలు పెట్టాలి. మా ఊళ్ళో ఆ సంతకాలు స్టేషను రోడ్డు షాపుల వాళ్ళు వంతుల వారీగా పెట్టేవాళ్ళు. రోడ్డు మీద లారీ ఆపి మోటార్లు దించుకోవడం నేరమన్న సంగతి స్టేషనుకి గుర్తురాకుండా ఉండాలంటే వెళ్ళాల్సిందే. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. నేనూ అనుకోలేదు.

స్టేషను అరుగు మీద ఐదు హార్స్ పవర్ మోటారు ఒకటి ఉంది. గోడ వారగా మా షాపులో మోటార్లు దించే హమాలీ గొంతుక్కూర్చుని ఉన్నాడు. మిల్లులో బస్తాల పని లేనప్పుడు మా దగ్గరికి వచ్చేవాడు. నన్ను చూసి లేచాడు.

"అబ్బాయిగారొచ్చారండి. నా గురించి ఆయన్నడగండి."

"అడుగుతాం. కూచో," అన్నాడు హెడ్డు.

టీ హోటలాయన అప్పటికే సంతకాలు పెట్టి వెళ్ళిపోయాడు. మూడు తెల్ల కాగితాలు, అడుగున ఆయన సంతకం మాత్రం ఉంది.

"ఇందులో ఏం రాస్తారండి?"

"మోటారు దొరికిందని రాస్తామండి. దొరికిందా లేదా? ఎదురుగా కనబడుతోందిగా."

ఆ మాట నాకు సబబుగానే తోచింది. మూడు కాగితాల మీదా సంతకం పెట్టాను. "డిప్లమా అని కూడా రాయండి, విలువుంటుంది," అన్నాడు. అదీ రాశాను, గుండ్రటి అక్షరాలతో. మోటారు నంబరు ప్లేటు చూడకుండా నేను ఏ పనీ మొదలుపెట్టను. ఆ రోజు మోటారుతో నాకు పనిలేదు కాబట్టి చూడలేదు.

బయటికొస్తుంటే హమాలీ నెమ్మదిగా అడిగాడు, "చెప్పారా బాబూ?"

"ఆఁ," అన్నాను. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మూడు వారాల తర్వాత ఆదివారం మండపేటలో మ్యాట్నీకి వెళ్ళాను. పోలీసుల లంచగొండితనం మీద తీసిన క్రైమ్ సినిమా. హాలు నిండిపోయింది. మొదటి గంటలో నాలుగు తప్పులు రాసుకున్నాను. ఐదోది రాయబోతుండగా తెర మీద ఎస్సై ఒక కిళ్ళీ కొట్టువాడి చేత తెల్ల కాగితం మీద సంతకం పెట్టించాడు. తర్వాతి సీనులో ఆ కాగితం నిండా అక్షరాలు. ఒక కుర్రాడి ఇంట్లో తుపాకీ దొరికిందని, కిళ్ళీ కొట్టువాడు కళ్ళారా చూశాడని. కుర్రాడి తల్లి కోర్టు మెట్ల మీద కూలబడిపోయింది. హాల్లో ఎవరో ఆ కిళ్ళీ కొట్టువాణ్ణి బూతులు తిట్టారు. చుట్టూ నవ్వులు. ఆ సీనులో తప్పు వెతికాను. దొరకలేదు.

ఇంటర్వెల్లో సోడా బండి దగ్గర హెడ్డు కనిపించాడు. సివిలు బట్టల్లో, భార్యతో.

"ఆ టిక్కెట్టు మీద ఏం రాస్తున్నారండి?"

"సినిమాలో తప్పులండి."

"అయితే నాదొకటి వేసుకోండి. సంతకం ఒక్కడి చేతే పెట్టించాడు. ఒక్కడితో కేసు నిలబడదండి. ఇద్దరుండాలి. మీరూ, టీ హోటలాయనా లేరూ? అలాగ."

"ఇక్కడ కూడా ఆ గోలేనా," అంది ఆవిడ.

ఆయన నవ్వి నాక్కూడా సోడా కొట్టించాడు. తాగాను. ఇంటర్వెల్ తర్వాత హీరో ఎస్సైని కాల్చినప్పుడు హాలంతా చప్పట్లు. రెండు వరసల ముందు హెడ్డు కూడా కొట్టాడు.

ఆ వారంలోనే హమాలీ భార్య షాపుకి వచ్చింది. చేతిలో చార్జిషీటు కాపీ. మడతలు పెట్టి జాకెట్టులో దాచడం వల్ల చెమటకి తడిసి ఉంది.

"ఇందులో మీ పేరుందంటండి. మీరు బయట పడేస్తారని ఆయన చెప్పాడు. చదివి పెట్టండి బాబూ."

చదివాను. ఒక చేపల చెరువు రైతు మోటారు పోయింది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి, కాలవ గట్టు మీద హమాలీ పాక వెనక గడ్డి వామిలో, ఇద్దరు మధ్యవర్తుల ఎదుట ఆ మోటారు దొరికింది. కింద మోటారు నంబరు, నా పేరు, డిప్లమా.

పుస్తకం తీశాను. ఆ నంబరు మోటారు నా అక్షరాల్లోనే ఉంది. అదే రైతుది. ఆయనకి రెండు మోటార్లు. పోయింది ఒకటి, దొరికిందని రాసుకున్నది రెండోది. ఆ శుక్రవారం సాయంత్రం ఆరింటికి అది మా చెక్క పెట్టెలో బల్బుల కింద ఆరుతోంది. శనివారం పొద్దున్న రైతు మనిషి వచ్చి తీసుకెళ్ళాడు. ఆ మోటారుని బండి మీదికి ఎక్కించింది కూడా ఆ హమాలీయే. మధ్యాహ్నానికి అతన్ని స్టేషనుకి తీసుకెళ్ళారు. మర్నాడు పొద్దున్న స్టేషను అరుగు మీద నేను చూసింది ఆ మోటారునే.

ఇంకొక సంగతి కూడా కనిపించింది. రాగి దొంగలు మోటారుని ఆ రాత్రే పగలగొట్టి తీగ లాగేస్తారు. నిండు మోటారుని గడ్డిలో దాచరు. చార్జిషీటు రాసినవాళ్ళకీ అది తెలుసు.

మావయ్యకి చెప్పాను. ఆయన పుస్తకం మూశాడు.

"వాడు మంచివాడే. కాదని నేనన్నానా? కానీ ఈ రోడ్డు మీద రేపు కూడా షాపు తియ్యాలి."

"నేను సంతకం పెట్టాను మావయ్యా."

"నేను పాతిక పెట్టుంటాను. ఎవణ్ణి లోపలేశారో ఒక్కసారీ అడగలేదు. అడిగితే నిద్ర పట్టదని."

అయినా పుస్తకం తీసుకుని కోర్టుకి వెళ్ళాను. కోర్టువాళ్ళు హమాలీకి ఒక లాయర్ని ఇచ్చారు. ఆయన వరండాలో నిలబడే నా పుస్తకం తిప్పి చూశాడు. పక్కన హమాలీ భార్య ఉంది.

"పుస్తకం బావుందండి. ఇది చూపిస్తే కేసు నడుస్తుంది. రైతుని పిలవాలి, హెడ్డుని పిలవాలి, వాయిదాలు పడతాయి. జామీనుకి పొలమున్నవాళ్ళు ఇద్దరు కావాలి. ఎవరైనా వస్తారా?"

ఎవరూ రారని ముగ్గురికీ తెలుసు.

"రాకపోతే తేలేదాకా అతను లోపలే. నేరం ఒప్పుకున్నాడంటే, ఇప్పటిదాకా ఉన్న రోజులే శిక్ష కింద సరిపెట్టి పంపించేస్తారు. సాయంత్రానికి ఇంట్లో అన్నం తింటాడు."

ఆవిడ నా పుస్తకం వైపు చూసింది, లాయరు వైపు చూసింది. "సాయంత్రానికేనాండి?" అంది.

వాయిదా రోజున సాక్షినని నాక్కూడా సమన్లు వచ్చాయి. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. చెప్పాల్సినవి వరసగా రాసుకున్నాను. ఒకటి నుంచి ఏడు వరకు. హమాలీ చిక్కిపోయాడు. చొక్కా వేరేవాళ్ళది వేసుకున్నట్టు వేలాడుతోంది. మేజిస్ట్రేటు గారు నేరం చేశావా అని అడిగారు. అర్థమైందా, ఎవరైనా బలవంతం చేశారా అని మళ్ళీ అడిగారు.

"చేశానండి. ఎవరూ చెప్పలేదండి," అన్నాడు.

నన్ను పిలవలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాకు బాగా ఆకలేసింది. నెల రోజులుగా వెయ్యని ఆకలి. బస్సు దిగి హోటల్లో రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాను.

అతను ఆ సాయంత్రం ఇంట్లోనే అన్నం తిన్నాడు. సోమవారం మిల్లుకి వెళ్తే గుమాస్తా గేటు దగ్గరే ఆపాడు. దొంగ చేత బస్తాలు మోయిస్తే లారీవాళ్ళు ఊరుకోరన్నాడు. మా మావయ్య కూడా మెల్లగా వేరే మనిషిని పెట్టుకున్నాడు. అప్పుడతను షాపు బయటే నిలబడి అడిగాడు.

"నేను దొంగని కానని ఒక ముక్క రాసిస్తారా బాబూ? గుమాస్తా గారికి చూపిస్తాను."

ఒక పేజీ నిండా రాశాను. తేదీలు, మోటారు నంబరు, వార్నిష్ పోసిన వేళ. అతను దాన్ని మిల్లుకి పట్టుకెళ్ళాడు. గుమాస్తా అంతా చదివి, "మరి కోర్టులో నువ్వే చేశానన్నావుగా?" అన్నాడట.

ఆ ఎండాకాలం వాళ్ళు పాక పీకేసుకుని కొవ్వూరు వైపు ఇటుక బట్టీకి వెళ్ళిపోయారు. వానలు పడ్డాక చెరువుల మీద మళ్ళీ మోటార్లు పోయాయి. హెడ్డు షాపుకొచ్చి, "మన పాత కాపు ఎక్కడుంటున్నాడండి?" అని అడిగాడు. నాకు తెలుసు. తెలీదన్నాను.

"పర్లేదులెండి. పాత దొంగల లిస్టులోకి ఎక్కాడుగా, ఎక్కడున్నా దొరుకుతాడు," అన్నాడు.

నాలుగో రోజుకి దొరికాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకి అతని భార్య బస్సెక్కి మా షాపుకి వచ్చింది. కొత్త చార్జిషీటు తెచ్చింది. ఈసారి పాత శిక్ష గురించి కూడా అందులో ఉంది. మధ్యవర్తుల పేర్లు చదవమంది. ఇద్దరూ నాకు తెలియనివాళ్ళు. ఒకాయనది సైకిలు షాపు, ఇంకొకాయనది ఎరువుల కొట్టు.

"వాళ్ళ ఊరూ పేరూ విడిగా రాసివ్వండి బాబూ," అంది. "నేనే వెళ్ళి అడుగుతాను. వాళ్ళ దగ్గర కూడా మీలాగే ఏదో పుస్తకం ఉండే ఉంటుంది."

పుస్తకమున్నా జామీను లేకపోతే తేలేదాకా లోపలేనన్న లాయరు మాట ఆవిడ కూడా విన్నదే. రెండు అడ్రసులూ పెద్ద అక్షరాలతో రాసి, ఏ బస్సెక్కాలో కింద రాసి ఇచ్చాను.