లింగప్ప పెరికేసిన వేపమండ

"ఇది మా పాపకు అంటుకోదు కదా?"

ఆ మాట నోటి నుంచి వచ్చేశాక గానీ, ఎవరిని అడుగుతున్నానో నాకు తెలియలేదు. ఎదురుగా లింగప్ప ఒక గొర్రెను మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుని ఉన్నాడు. దాని పెదాల చుట్టూ, తోక కింద, ఉన్ని లేని చోటల్లా బొబ్బలు ఎండి చెక్కులు కట్టాయి. నేను ఒక చెక్కు తీసి సీసాలో వేసుకుంటున్నాను.

"నన్నడుగుతావేం తల్లీ? సదివింది నువ్వా, నేనా?" అన్నాడు లింగప్ప.

మా జీపు నడిపే ఓబిలేష్ నవ్వు ఆపుకోలేదు. "మేడమ్‌కు పరీక్షలో జవాబు తెల్సు మామా. బిడ్డ గుర్తొస్తానే మర్చిపోతాది."

నిజమే. గొర్రెల బొబ్బ రోగం మనుషులకు రాదు. ఎమ్మెస్సీలో ఆ సంగతి రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, అదే రోగం మీద జరుగుతున్న పరిశోధనలో జీతం తీసుకుంటున్నదాన్ని. అయినా మా పాపకు రెండేళ్ళు నిండినప్పటి నుంచి నాకు తెలిసినవేవీ నాకు ధైర్యం చెప్పడం లేదు. ఆ రోజు దొడ్డి బయటకు వచ్చి చేతులు సబ్బుతో కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను. ఇంకోసారి చెంబు ముంచితే బిందె అడుగు తగిలింది. ఆ నీళ్ళు లింగప్ప భార్య చెరువు ఎండిన ఊళ్ళో ఎక్కడి బోరు నుంచో మోసుకొచ్చినవి. నేను తలెత్తలేకపోయాను.

"కడుక్కో తల్లీ, బిడ్డతల్లివి," అన్నాడాయన, అంతే.

లింగప్పది బెళుగుప్ప దగ్గర ఒక పల్లె. గొర్రెలు కాసే కురుబల ఇల్లు. నడక వచ్చిన నాటి నుంచి గొర్రెల వెంటే నడిచాడు. పెళ్ళయిన కొత్తలో ఎవరో చెబితే బెంగళూరులో మేడలు కట్టే పనికి పోయాడట. "పడుకుంటే గొర్లు దగ్గేది ఇనపడక నిద్ర పట్టల్యా. వచ్చేసినా," అని ఆ వలస కథను రెండు ముక్కల్లో చెప్పేవాడు. నల్లటి కంబళి ఒకటి ఎండకూ వానకూ ఆయన భుజం మీదే ఉండేది. దాని ఉన్ని తన మంద నుంచి తీసిందే. ఎవరైనా గొర్రె పేరు అడిగితే ముందు దాని తల్లి పేరు చెప్పేవాడు. ఊరివాళ్ళు పిల్లనిచ్చే ముందు ఆయనతో ఒక మాట అనుకునేవాళ్ళు. మాట మీద నిలబడే మనిషని ఆయనకు పేరు.

గొర్రెలకు బొబ్బలు వస్తే అక్కడ రోగం అనరు, అమ్మ పోసిందంటారు. దొడ్డి వాకిలికి వేపమండ కడతారు. ఆ మండ కనిపిస్తే పరాయివాళ్ళు లోపలికి రారు. ఆ మంద ఊరు దాటదు, మరొకరి తొట్టిలో నీళ్ళు తాగదు. ఇంట్లో తాలింపు పెట్టరు. మండ వాడిపోతే కొత్తది కడతారు. అమ్మ చల్లబడే దాకా ఇదే.

మేము వెళ్ళేసరికి లింగప్ప దొడ్డికి పచ్చటి వేపమండ ఉంది. నేను కాగితం తీసి అలవాటుగా అడిగాను.

"తాతా, రోగం వచ్చినాక మంద ఎక్కడికన్నా పోయిందా?"

"యాడికీ పోల్యా," అన్నాడు. నన్ను చూడలేదు. వంగి గొర్రె గిట్టలో ముల్లు వెతికాడు. ముల్లు ఉన్నట్టు నాకైతే కనిపించలేదు.

ఆ తర్వాత రాప్తాడు పక్కన ఇంకో ఊళ్ళో తిప్పమ్మ అనే ఆవిడ గొర్రెల నుంచీ చెక్కులు తెచ్చాం. తిప్పమ్మకు భర్త లేడు. చిన్న మంద, దాంట్లో సగానికి పైగా చచ్చిపోయాయి. ప్రయోగశాలలో రెండు ఊళ్ళ వైరస్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క తల్లి బిడ్డల్లా ఉన్నాయి. మా యంత్రం చెప్పగలిగింది అంతే. ఎవరి మంద నుంచి ఎవరి మందకు పోయిందో అది చెప్పదు. ఆ సంగతి మనిషి చెప్పాలి.

ఊరు మాత్రం అప్పటికే తేల్చేసింది. తిప్పమ్మ సంతలో ఒక పొట్టేలు పిల్లను కొని తెచ్చుకుంది. ముందు బొబ్బలు కనిపించింది దానికే. లేత పిల్లకు ముందు బయటపడటంలో వింత లేదు, పెద్దవాటికి అప్పటికే జ్వరం ఉండి ఉండొచ్చు. అదెవరికి కావాలి? అమ్మను ఊళ్ళోకి తెచ్చింది తిప్పమ్మే అన్నారు.

ఇదంతా లింగప్పకు చెప్పింది ఓబిలేష్. రెండోసారి రక్తం తీయడానికి వెళ్ళినప్పుడు లింగప్ప భార్య మమ్మల్ని తినకుండా పోనివ్వలేదు. రాగిముద్ద, ఊరిబిండి అనే చెనక్కాయల పచ్చడి పెట్టింది. తింటూ ఓబిలేష్ లోకం కబుర్లన్నీ చెబుతున్నాడు.

"పాపం ఆ యమ్మను తొట్టి కాడికి గూడా రానీలేదు మామా. మిగిలిన నాలుగు గొర్లకు బిందెతో మోస్తాండాది. అమాసలోపల కటికోనికి అమ్మేయాలంట. ల్యాకుంటే ఊర్లో ఉండొద్దంట."

లింగప్ప చేతిలో ముద్ద అలాగే ఉంది.

"ఏ ఊరు?"

ఓబిలేష్ చెప్పాడు.

"వాటికి అమ్మ సల్లబడ్లేదా?"

నేను అందుకున్నాను. "చెక్కులు రాలిపోయి చాన్నాళ్ళయింది తాతా. ఊళ్ళో మిగతా గొర్రెలకు టీకాలు కూడా వేశారు. ఇంక వాటితో భయం లేదని మేమూ చెప్పాం. ఎవరూ వినలేదు. సంత నుంచే వచ్చిందని మేమూ రాస్తున్నాం. మీ మంద ఆ పక్కకు పోలేదన్నారు కదా."

ఆయన ముద్దను కంచంలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు. చాలాసేపు గోడకేసి చూస్తూ కూచున్నాడు.

"జీపులో నాకు జాగా ఉండాదా?" అన్నాడు చివరికి.

ఎందుకని నేను అడగలేదు. ఆయన మొహం చూస్తే అడగబుద్ధి కాలేదు. కానీ రోగం వచ్చిన దొడ్డి నుంచి మరో ఊరికి మనిషిని తీసుకుపోవడానికి మా పద్ధతులు మాకుంటాయి. కంబళి, కర్ర, చెప్పులు అక్కడే వదిలేయాలని, స్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకోవాలని చెప్పాను. పెట్టెలో నుంచి తెల్ల చొక్కా తీసి తొడుక్కుని వచ్చాడు. మడతల గీతలు కూడా పోలేదు. వట్టి భుజాలతో, వట్టి కాళ్ళతో ఆయన వేరే ఎవరోలా ఉన్నాడు.

"పెండ్లికి పోతాండావా మామా?" అన్నాడు ఓబిలేష్.

ఎవరూ నవ్వలేదు. వాడు జీపు తీశాడు.

మేము చేరేసరికి ఊరి బోరు తొట్టి దగ్గర పశువులు నీళ్ళు తాగుతున్నాయి. పది పదిహేను మంది ఉంటారు. జీపు దిగిన లింగప్పను ముందు గుర్తు పట్టింది రంగన్న అనే రైతు.

"ఏమప్పా లింగప్పా, కంబళి యాడ? ఎవరన్నా ఎత్తకపోయినారా?"

"రంగన్నా," అన్నాడు లింగప్ప. "నీ చేన్లో మంద నిలిపినప్పుడు నా గొర్లకు అమ్మ పోసిండె. ఈ తొట్టిలోనే నీళ్ళు తాపినా. ఈ ఊరికి అమ్మ వచ్చింది నా మందతోనే. తిప్పమ్మతో కాదు."

అందరూ ఆయన వైపు తిరిగారు.

"ముండ్లు గీసుకున్నాయంటివే!" అన్నాడు రంగన్న. "పసుపు పూసిందేందని నేను అడిగితి గదా?"

"అబద్ధం చెప్పినా."

"తెల్సే తోలుకొచ్చినావా?"

"తెల్సే."

"నీ నోట్లో మన్ను పొయ్య! ఎరువు పడతాదని నేనే పిలిస్తి గదరా నిన్ను! నా గొర్ల ఈతపిల్లలు నాలుగు పోయినాయి." రంగన్న మీదికి వచ్చాడు. ఓబిలేష్ అడ్డం నిలబడ్డాడు. లింగప్ప మాత్రం వెనక్కి జరగలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కొడితే బాగుండుననే నిలబడినట్టు అనిపించింది నాకు.

ఈ గొడవకు తిప్పమ్మ వచ్చింది. చంకలో ఖాళీ బిందె. ఎవరో సంగతి చెప్పారు. ఆవిడ బిందె కింద పెట్టి లింగప్పను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా?"

ఆయన తల వంచుకున్నాడు.

"అమ్మకు నేనేం తక్కువ చేసినానో అని రోజూ మొక్కుకుంటాంటి. నా సేతులతో ఆ పొట్టేలు పిల్లను గుంతలో పెట్టి, నువ్వు రాకుంటే బాగుండె గదే అని తిట్టినా దాన్ని. మూగజీవాన్ని." ఆవిడ గొంతు పెద్దది చేయలేదు. "ఇన్నాళ్ళూ ఒక మాట చెప్పేకి నోరు రాల్యా నీకు?"

 

తిప్పమ్మ ఇంటికి పోయి మిగిలిన నాలుగు గొర్రెలనూ తోలుకొచ్చింది. జనం దారి ఇచ్చారు. ఎవరూ క్షమించమని అనలేదు, అమ్మేయమని కూడా అనలేదు. ఒక ముసలాయన మాత్రం తన ఎద్దును పక్కకు లాగి వాటికి చోటు చేశాడు. తొట్టిలో నీళ్ళు అడుగంటాయని చూసి లింగప్ప బోరు కుళాయి తిప్పడానికి వంగాడు.

"నువ్వు ముట్టొద్దు," అంది తిప్పమ్మ.

ఆయన చెయ్యి తీసేసుకున్నాడు. రోడ్డు దాకా నడిచి వచ్చి జీపు చక్రం పక్కన కూచున్నాడు. గొర్రెలు నీళ్ళు తాగే చప్పుడు అక్కడికి వినిపిస్తూనే ఉంది.

తిరుగు దారిలో తన మంద ఏ ఊళ్ళో ఎవరి చేన్లో నిలిచిందో అన్నీ చెప్పాడు. నేను ఫోన్లో మా పెద్ద డాక్టరుగారికి చెబుతూ వచ్చాను. ఆ ఊళ్ళలో ఇంకా రోగం రాని మందలకు ఆ వారమే టీకాలు పడ్డాయి. సంత అని రాసిన కాగితం కొట్టేసి, మంద నడక దారి అని రాశాం.

"ఎందుకు చేశారు తాతా?" అని అడిగాను.

"వానల్ల్యా. మా పక్క గరిక గూడా మాడిపాయ. రంగన్న చేన్లో పంట కోసినాక మిగిలిన కట్టె పచ్చగా ఉండాదని కబురొచ్చె. అప్పుటికి రెండు పిల్లలకే కనపడినాయి బొబ్బలు." "దొడ్డికి వేపమండ నేనే కట్టినా తల్లీ. దాన్ని చూస్తే ఎవరు రానిస్తారు? తెల్లారి లేసి నేనే పెరికేసినా. మా నాయన బతికుంటే నా చెయ్యి ఇరిచేసేవాడు. వచ్చినాక మళ్ళా కట్టినా, నువ్వు చూస్తివే, అది. దాన్ని చూసినప్పుడల్లా నా కండ్లల్లో కారం కొట్టినట్టుండె."

పల్లెలో పెళ్ళి మాటలకు ఇప్పుడు ఎవరూ ఆయనను పిలవడం లేదని ఓబిలేష్ ఈ మధ్య చెప్పాడు. తిప్పమ్మకు రెండు ఆడ గొర్రెపిల్లలను పంపాడట. ఒకటి ఉంచుకుని ఒకటి తిప్పి పంపిందట. ఎందుకో ఎవరికీ చెప్పలేదట.

పోయిన నెల మా పాప అరచేతుల్లో, నోట్లో పొక్కులు వచ్చాయి. పిల్లల్లో మామూలుగా వచ్చే వైరస్ జబ్బే, వారంలో తగ్గిపోతుందని డాక్టరు అన్నారు. పక్క పిల్లలకు మాత్రం తొందరగా పాకుతుంది. బుక్కరాయసముద్రంలో నేను పాపను వదిలే ఇంట్లో ఇంకో ఆరుగురు పిల్లలున్నారు. నేను చేసే పని ఆ తల్లులందరికీ తెలుసు. గొర్రెల దగ్గర నుంచి తెచ్చి పెట్టిందంటారు. ఫోను చేతిలో పట్టుకుని మంచం మీద కూచున్నాను.

లేచి, కింద వీధిలోకి పోయి వేపమండ ఒకటి విరుచుకొచ్చి తలుపుకు కట్టాను. ఆ తర్వాత ఒక్కొక్క తల్లికీ ఫోను చేశాను. ఒకామె అనుకున్నంత పనీ చేసింది, నేను అనుకున్న మాటే అంది. విన్నాను. అందరికీ చెప్పడం అయ్యేదాకా ఫోను కింద పెట్టలేదు.

తిప్పమ్మ ఊరి నుంచి తిరిగొచ్చిన ఆ రోజు తన పల్లె మలుపులో జీపు దిగి, లింగప్ప కిటికీ పట్టుకుని అన్నాడు. "బిడ్డతల్లివి, ఒకటి చెప్తా ఇను. ఇంట్లో ఏమన్నా వచ్చినాదంటే ముందు వాకిట్లో మండ కట్టు. ఎవరన్నా అడుగుతారులే అని కూచోవద్దు, నువ్వే పోయి చెప్పు. నాలుగు మాటలంటారు, పడు. ఆ పొద్దు చెప్పకపోతే మళ్ళ రోజు నోరు రాదు తల్లీ."