మావయ్య ఇంట్లో తుఫాను

ముందు మావయ్యకు జరిగిన అన్యాయం చెప్పుకోవాలి. ఆయన ఒక పెద్ద ఆఫీసు భవనంలో అగ్నిప్రమాదాలు జరక్కుండా చూసే ఉద్యోగి. ‘ఛైర్మన్ వచ్చిన రోజే ఫైర్ డ్రిల్ పెట్టవయ్యా, మన జాగ్రత్త కళ్ళారా చూస్తాడు’ అని చెవిలో ఊదింది మేనేజరే. మావయ్య గంట మోగించాడు, మెట్ల మీద పొగ వదిలాడు, ఛైర్మన్ ముక్కుకు తడి తువ్వాలు కట్టి పై అంతస్తు నుంచి పరిగెత్తించాడు. కింద ఆ పెద్దమనిషి ఒంటి బూటుతో నిలబడి “ఎవడిదీ తెలివి?” అని గర్జిస్తే, మేనేజర్ తలెత్తి, ఆకాశం అప్పుడే కొత్తగా మొలిచినట్టు దాన్నే చూశాడు. మర్నాటి నుంచి మావయ్య విరిగిన కుర్చీల గోదాముకు కాపలా.

ఇంకొకరైతే డ్రిల్లులకు ఓ దండం పెట్టేవారు. మావయ్యకు ఆ పిచ్చి ఇంకా ముదిరింది. ఏ పనైనా సరే, ముందు రిహార్సల్ వేసుకోందే చేయడు.

పన్ను పీకించుకునే ముందు సెలూన్‌కు వెళ్ళి, కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచాడు. “గడ్డమా, జుట్టా?” అన్నాడు సెలూన్ అతను.

“ఏదీ వద్దు. పట్టకారు పట్టుకున్నట్టు మొహం పెట్టి కాసేపు నా నోట్లోకి చూడు.”

ఓసారి పరామర్శకు వెళ్తూ అద్దం ముందు ఏడుపు సాధన చేశాడు. అది ఎంత బాగా కుదిరిందంటే, అక్కడ పోయినాయన భార్యే మావయ్యకు మంచినీళ్ళిచ్చి వీపు నిమరాల్సి వచ్చింది.

ఇంతటివాడి చేతిలో పెరిగాడు మేనల్లుడు. ఇప్పుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. వీధి చివర అద్దెగదిలో పడుకుంటాడు గానీ, భోజనం మావయ్య ఇంట్లోనే. లోకం మీద కోపం, యజమాని మీద ఇంకొంచెం ఎక్కువ కోపం. అతనికి దూరాన ఒక దీవి మీది నగరంలో, పెద్ద హోటల్లో ఉద్యోగం వచ్చేలా ఉంది. జీతం బాగుంది. చిక్కల్లా ఏటా ఆ దీవిని తుఫాన్లు వచ్చి ఉతికి ఆరేసి పోతాయి. వెళ్ళాలనీ ఉంది, ‘వెళ్ళొద్దురా’ అని ఎవరైనా అంటే వినాలనీ ఉంది.

మావయ్య జీతం సంగతి అడగలేదు. “గాలి ఎంత వేగంతో వీస్తుందట?” అన్నాడు.

ఆదివారం పొద్దున మేనల్లుడు వచ్చేసరికి హాల్లో తుఫాను సిద్ధంగా ఉంది. పక్కిళ్ళ నుంచి అరువు తెచ్చిన ఫ్యాన్లు అతని వైపు గుడ్లురిమి చూస్తున్నాయి. కిటికీకి పరుపు అడ్డం పెట్టి ఉంది. అత్తయ్య స్టూలెక్కి, ఒక చేత జల్లెడ, ఒక చేత చెంబు పట్టుకుని నిలబడింది.

“గిన్నె నెత్తిన పెట్టుకుని బల్ల కింద దూరరా! ఏమేవ్, వాన మొదలెట్టు. అలా నిట్టనిలువుగా కాదే, ఏటవాలుగా! తుఫాను వాన ఎక్కడైనా మర్యాదగా పడుతుందా?”

“నా భుజాలు పడిపోతున్నాయండీ. ఈ తుఫాను తీరం దాటేదెప్పుడు?”

సరిగ్గా అప్పుడే హోటల్ మేనేజర్ వీడియో కాల్ చేశాడు. తడిసి ముద్దయి, నెత్తిన గిన్నెతో, బల్ల కింద నుంచి మేనల్లుడు నమస్కారం పెట్టాడు.

“అయ్యో, మీ ఊళ్ళో కూడా తుఫానా?”

“లేదండీ. మా ఇంటి వరకే.”

సంగతంతా విని అవతలివాడు కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. “వచ్చినవాళ్ళంతా మొదటి గాలికే పారిపోతారు. రాకముందే తడిసినవాణ్ణి నిన్నే చూశానయ్యా. ఉద్యోగం నీదే. శనివారంలోగా మాట చెప్పు.”

మావయ్య ఫ్యాన్లు ఆపాడు. మొహం పక్కకు తిప్పుకుని, “రేపట్నుంచి మా ఇంటికి రాకు” అన్నాడు.

“భోజనానికి కూడానా?”

“ముఖ్యంగా భోజనానికి.”

మేనల్లుడు నెత్తిన గిన్నె తీసి బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాడు. ‘ఇంకా బస్సే ఎక్కలేదు, అప్పుడే నన్ను వదిలించుకున్నారు’ అనుకున్నాడు. నాలుగు రోజులు బయటి తిండి తిని కడుపూ మనసూ రెండూ పాడుచేసుకున్నాడు. ఐదో రోజు కోపంతోనే హోటల్ మేనేజర్‌కు ఫోన్ చేసి “వస్తున్నా” అని చెప్పేశాడు. ఆ మాట మావయ్య మొహం మీదే చెప్పి రావాలని బయల్దేరాడు.

తలుపు ఓరగా తీసి ఉంది. లోపల తన కుర్చీలో, తన కంచం ముందు, తనలాగే కాలు మీద కాలేసుకుని మావయ్య కూర్చుని ఉన్నాడు. “ఉప్పు తక్కువైందత్తయ్యా!” అన్నాడు గొంతు మార్చి.

“వాడు ఇంత గట్టిగా అనడు లెండి” అంది అత్తయ్య.

మేనల్లుడు తలుపు తోసుకుని గుమ్మంలోకి వచ్చాడు. అత్తయ్య చూసింది. “రా నాయనా, నువ్వే చెప్పు. నువ్వు లేని ఇంటికి రిహార్సలట. మొదటిరోజు నీ కంచం తీసెయ్యమన్నారు. తీసేస్తే ఆయనకు ముద్ద దిగలేదు. ‘సరే, పెట్టు, వాడికి ఆలస్యమైందనుకుందాం’ అన్నారు. అదీ కుదర్లేదు. ఇవాళ ఏకంగా నువ్వైపోయి నా వంటకు వంకలు పెడుతున్నారు!”

“నిన్నెవడు రమ్మన్నాడ్రా మధ్యలో?” అని మావయ్య లేచాడు.

“మరి వెళ్ళొద్దని ఒక్కమాట అనొచ్చుగా!”

“అంటే ఆగిపోతావురా వెధవా! ఇక్కడ లిఫ్టులో పైకీ కిందికీ తిరగడమే గానీ, నువ్వు ఎటైనా పోతున్నావా? ఆ మాట నోట్లోంచి రాకుండా ఉండటానికే ఈ అవస్థంతా.”

మేనల్లుడు ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “వడ్డించత్తయ్యా” అన్నాడు.

బస్టాండులో వీడ్కోలుకు మాత్రం మావయ్య ఇంట్లో బోలెడన్ని రిహార్సల్స్ వేసుకొచ్చాడు. ఎక్కడ నిలబడాలి, ఏ చెయ్యి ఊపాలి, ఎప్పుడు నవ్వాలి, అన్నీ అచ్చు గుద్దినట్టు చేశాడు. చుక్క కన్నీరు రాలేదు. మేనల్లుడు కిటికీ పక్కన కూర్చుని, ఇంత తేలిగ్గా అయిపోయిందే అని కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా. ఓడరేవుకు వెళ్ళే ఆ బస్సు కదిలింది. మలుపు తిరగబోతుంటే బయట ఎవరో బస్సును దబదబా బాదడం వినిపించింది. తల బయటపెట్టి చూస్తే, పంచె ఎగ్గట్టి బస్సుతో పాటు పరిగెడుతూ మావయ్య.

“ఒరేయ్, సరిగ్గా కుదర్లేదురా! దిగు! మళ్ళీ మొదట్నుంచి చేద్దాం!”