వెండి గొట్టం మీద ముద్ర

నా చిన్నప్పుడు నేనొక మనిషి ప్రాణం కాపాడానని మా మనవలకు ఎన్నిసార్లు చెప్పానో. ఇప్పుడు ఓపిక తగ్గింది. అబద్ధాన్ని నిలబెట్టడానికి కూడా శక్తి కావాలి. కాపాడింది మా తాతయ్య. నేను ఆ ప్రాణం తీసినంత పని చేశాను.

మలయాలో బటాంగ్ బెర్జుంటై దగ్గర ఫ్రెంచి దొరల రబ్బరు తోటలో తాతయ్య డ్రెస్సరు, అంటే కట్లు కట్టి మందులిచ్చే ఉద్యోగి. డాక్టరు అప్పుడప్పుడు వచ్చిపోయేవాడు, మిగతా రోజుల్లో ఆసుపత్రంతా తాతయ్యే. పక్కింటి అక్కకు జబ్బుతో గొంతు మూసుకుపోతే, పట్నం ఆసుపత్రిలో గొంతు దగ్గర రంధ్రం చేసి, ఊపిరి ఆడడానికి వెండి గొట్టం పెట్టారు. ఒకదానిలో ఒకటి దూరే రెండు గొట్టాలవి. కఫం అడ్డుపడకుండా లోపలిది రోజూ తీసి కడగాలి. ఒకరోజు కడుగుతుంటే అది చేజారి, ఎవరి కాలికిందో పడి నలిగిపోయింది.

పాత డాక్టరు దొర వదిలి వెళ్ళిన పనిముట్ల పెట్టెలో అదే కొలతవి రెండు దొరికాయి. ఆ పెట్టెలో వంద పనిముట్లు ఉండేవని చెబుతుంటాను, నిజానికి గుప్పెడు. ఒక గొట్టం తళతళలాడుతోంది, రెండోది మసిబారి ఉంది. అసలైన ఫ్రెంచి వెండి మీద యుద్ధపు టోపీ పెట్టుకున్న ఆడమనిషి తల చిన్న ముద్రగా ఉంటుంది, చేసినవాడి అక్షరాలు వజ్రం ఆకారపు గడిలో ఉంటాయి. వెండి పూత వేసినదానికి గడి నలుచదరంగా ఉంటుంది, తల ఉండదు. పూత లేచిపోతే లోపలి ఇత్తడి చిలుము గొంతులోకి దిగుతుందని తాతయ్య భయం.

పొద్దుటినుంచీ జ్వరాలవాళ్ళను చూసి చూసి ఆయన డస్సిపోయాడు. భూతద్దం నా చేతిలో పెట్టాడు.

“నా కళ్ళు అలిసిపోనాయిరా. నువ్వు సూడు. ఏటి కనబడితే అదే సెప్పు.”

అక్కకు మెరిసేదే పెట్టాలని నా ఆశ. దానిమీద తల ఉందన్నాను. అంతటితో ఆగానా? కిరీటం ఉందన్నాను, ముక్కుపుడక కూడా ఉందన్నాను.

తాతయ్య కోప్పడలేదు. గోడకు చేరబడి కళ్ళు మూసుకున్నాడు. “అయితే అదే పెట్టీమంటావా?”

బెంచీ మీద అక్క గరగరమంటూ ఊపిరి తీస్తూ నావైపే చూస్తోంది. భూతద్దం దించేశాను. తల లేదని, ఉన్నది నలుచదరమేనని చెప్పేశాను. మసి గొట్టం మీద మాత్రం తల, వజ్రం రెండూ ఉన్నాయి. తాతయ్య తానూ మరోసారి చూసి, దాన్ని బూడిదతో తోమి, మరగబెట్టి అమర్చాడు.

గొట్టం మీద వేలుంచి మూస్తేనే అక్కకు మాట వచ్చేది. ఊపిరి కుదుటపడ్డాక వేలుంచింది. “ముక్కుపుడక ఏదిరా? నాకూ సూపించు లా!” అంది, అక్కడి మలాయివాళ్ళలాగే మాట చివర ‘లా’ తగిలించి.

ఇప్పుడు మా ఆవిడ మందులు చూసుకోవడం నా వంతు. ఊరందరికీ గొప్పలు చెబుతాను గానీ, మాత్రల అట్ట మీద అక్షరాలు చెరిగిపోయి, ఆమె నీళ్ళ గ్లాసు పట్టుకుని ఎదురుచూస్తున్నప్పుడు, ఎంత నీరసంగా ఉన్నా “కనబడలేదు” అనే చెబుతాను. చొక్కా తొడుక్కుని మందుల కొట్టుకు నడుస్తాను.