గేటు దగ్గర చంద్రమ్మ ఇచ్చిన మాట

సినిమా వాళ్ళంటే నాకు మొదటి నుంచీ పెద్ద గౌరవం లేదు గానీ, అసహ్యం మాత్రం చంద్రమ్మ విషయంలోనే పుట్టింది. అది ఇప్పటికీ పోలేదు. పోవాలని నేను కోరుకోవడమూ లేదు.

చంద్రమ్మ నార్సింగిలో మా పక్క పోర్షన్‌లో ఉండేది. సొంతూరు జోగిపేట దగ్గర. భర్త నర్సయ్య మణికొండలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. ఆమె హైటెక్ సిటీలో అద్దాల బిల్డింగులో హౌస్‌కీపింగ్ పని చేసేది. ఇంటి దగ్గర ఆమె నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. నల్లా దగ్గర బిందె పెట్టి ఏదో ఒకటి మొదలుపెడితే, నీళ్ళు పట్టుకున్నవాళ్ళు కూడా కదిలేవాళ్ళు కాదు. ఆఫీసులో మాత్రం మూగదానిలా ఉండేదట.

ఎందుకో ఒకసారి తనే చెప్పింది. పనిలో చేరిన కొత్తలో కూతురికి జ్వరం వస్తే, దవాఖానకు పోవాలె, జర జల్ది పంపుండ్రి అని సూపర్‌వైజర్‌ని అడిగింది. కాఫీ మెషీన్ దగ్గరున్న కుర్రకారు ఆ 'జర జల్ది'ని పట్టుకుని చాలా రోజులు ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. ఒకమ్మాయి ఫోన్ తెరిచి, ఇంకోసారి అనవా ఆంటీ, రికార్డు చేసుకుంటా అని అడిగింది. పిల్లకు జ్వరం ఎలా ఉందని అడిగినవాళ్ళు లేరు. ఆ తర్వాత చంద్రమ్మ ఆ బిల్డింగులో తలూపడమే తప్ప నోరు విప్పలేదు.

నేను నార్సింగి సర్కారు బడిలో తెలుగు టీచర్ని. ఏటా ఆరో తరగతికి 'గోడకవతల బడి' నవల చదివి వినిపించేదాన్ని. మా మెదక్ వైపు బడిపంతులు వెంకటరామయ్య గారు రాసిన నవల అది. ఆయన ఇప్పుడు లేరు. ఒకే గోడకు ఇటు సర్కారు బడి, అటు కాన్వెంటు. ఇటు మల్లి, అటు శాంత. బంతి గోడ దాటితే తగువు, ఖో ఖోలో తగువు, ఆఖరికి వక్తృత్వ పోటీలో అసలు తగువు. మల్లి సారు రాసిచ్చిన పుస్తకాల భాషంతా బట్టీ పట్టి, వేదిక ఎక్కగానే మరిచిపోతుంది. ఇక ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడేస్తుంది: "మా అమ్మ సదువుకోలే. గని నేను సదివింది మల్ల జెప్పుమంటది. నేను జెప్తుంటె ఆమె గూడ బడికి వొచ్చినట్టే." నవ్వడానికి సిద్ధంగా కూర్చున్న శాంతే అందరికన్నా ముందు లేచి చప్పట్లు కొడుతుంది. ఆ నవలకు ప్రాణం అక్కడుంది.

చంద్రమ్మ కూతురు స్వప్న నా తరగతిలోనే చదివేది. నా దగ్గర పుస్తకం అడిగి ఇంటికి తీసుకుపోయి తల్లికి చదివి వినిపించేది. ఆ చివరి ఘట్టం చంద్రమ్మ ఎన్నిసార్లు చదివించుకుందో! మా రెండు ఇళ్ళకూ మధ్య ఒకటే గోడ కాబట్టి అన్నిసార్లూ నేనూ విన్నాను.

ఇంతలో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి. మేమంతా బడి ఎదురుగా దీక్షా శిబిరంలో కూర్చున్నాం. పిల్లను ఇంట్లో ఒంటరిగా వదల్లేక చంద్రమ్మ ఒకరోజు స్వప్నను పనికి వెంట తీసుకుపోయింది. ఆమె ఊడ్చే అంతస్తులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని విశ్వేశ్వరరావు. చిన్నప్పుడు ఆ నవల చదివి మనసు పారేసుకుని, ఇప్పుడు నాలుగు రాళ్ళు వెనకేసుకుని, దాన్ని సినిమా తీయాలని తిరుగుతున్నాడు. ప్యాంట్రీలో స్వప్న ఎవరికో మల్లి మాటలు చెబుతుంటే విని అక్కడే నిలబడిపోయాడట. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడట. నా మల్లి దొరికింది అన్నాడట. ఆ కన్నీళ్ళు దొంగవని నేననను. దొంగవైతే ఇంత రోత పుట్టేది కాదు.

షూటింగుకు మా బడే కావాలన్నారు. సమ్మె పుణ్యమా అని ఖాళీగా ఉంది కదా. మా హెడ్మాస్టరు పొద్దున మాతో పాటు టెంటులో కూర్చుని నినాదాలిస్తూనే తాళాలు వాళ్ళ చేతిలో పెట్టాడు. ఆయన గురించి ఇంతకన్నా రాయడం కాగితానికి దండగ.

సంగతి తెలిసి గేటు దగ్గరికి కుర్రాళ్ళు వచ్చారు. ముందు నిలబడ్డది మా వీధి ఓంకార్. సమ్మెలో అన్నీ బంద్ అయితే ఈ షూటింగేంది, అది కూడా మనల్ని రౌడీలుగా, జోకర్లుగా చూపించేటోళ్ళ షూటింగు అని వాళ్ళ కోపం. అన్యాయమైన కోపం కాదది. విశ్వేశ్వరరావు గేటు లోపలే ఉండి, అంతవరకూ 'ఏమ్మా' అని పిలిచే మనిషి, "చంద్రమ్మగారూ, మీరే చెప్పండి వాళ్ళకి" అన్నాడు. అవసరం మనిషికి ఎంత మర్యాద నేర్పుతుందో టెంటులోంచి కళ్ళారా చూశాను.

చంద్రమ్మ ముందుకొచ్చింది. ఆ 'జర జల్ది' తర్వాత ఆఫీసు వాళ్ళ ఎదుట ఆమె గొంతు విప్పడం అదే మొదలు. "తమ్మీ, గా పుస్తకం మనది. నా బిడ్డ మన మాటనే మాట్లాడ్తది. రేపు సినిమా హాల్ల అందరు ఇంటరు. గట్ల కాకుంటె నన్నడుగు, నేను జవాబు చెప్త" అంది.

ఓంకార్ ఆమె ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. సరే అక్కా, నీ మాట మీద పోతున్నం అని వెనక్కి తిరిగాడు. మిగతావాళ్ళూ కదిలారు.

షూటింగు జరిగినన్ని రోజులూ చంద్రమ్మకు సెలవిచ్చి కూతురి పక్కన కూర్చోబెట్టారు. దర్శకుడు చలపతిరావు ముందే చెప్పాడు, ఇంట్లో ఎలా మాట్లాడతావో అలాగే మాట్లాడమ్మా అని. స్వప్న అలాగే మాట్లాడింది. కర్రకు కట్టిన మైకును ఒకతను ఆమె తల మీదుగా పట్టుకుని నిలబడేవాడు. పోటీ ఘట్టం తీసిన రోజు లైట్లు మోసేవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. అగో, అంత పెద్ద మైకులకు ఎక్కింది నా బిడ్డ మాట అని చంద్రమ్మ ఆ సాయంత్రం గల్లీ గల్లీ తిరిగి చెప్పుకుంది.

మన సినిమాల్లో షూటింగప్పుడు మాట్లాడింది ఉత్త గుర్తుకోసమే. తర్వాత ఎక్కడో ఏసీ గదిలో ఇంకెవరో కూర్చుని, పెదాల కదలికకు సరిపడా తమ గొంతు పోస్తారు, డబ్బింగ్ అని. ఇది సినిమా వాళ్ళందరికీ తెలుసు. నార్సింగిలో ఎవరికీ తెలియదు. తల్లిని రోజూ కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఈ ఒక్క ముక్క చెప్పాలని అంతమందిలో ఒక్కడికీ తోచలేదు. చెబితే లేచిపోతుందేమోనని దాచలేదు. అసలు చెప్పదగ్గ మనిషిగానే ఆమె వాళ్ళ కంటికి ఆనలేదు.

మరుసటి వేసవిలో సినిమా వచ్చింది. చంద్రమ్మ మా గల్లీనంతా బయల్దేరదీసింది. గేటు దగ్గరికొచ్చిన కుర్రాళ్ళను తనే పేరుపేరునా పిలిచింది. ఉన్న ఒక్క పట్టుచీర కట్టుకుంది. నర్సయ్య డ్యూటీ మార్చుకుని వచ్చాడు.

తెర మీద స్వప్న కనబడగానే ఈలలు వేశారు. స్వప్న నోరు తెరిచింది. "అమ్మా, నేను బడికి వెళ్ళొస్తాను. సాయంత్రం తొందరగా వచ్చేస్తాను" అంది. నిగనిగలాడే గొంతు. ఈలలు ఆగిపోయాయి. నా పక్కనున్న స్వప్న తల్లి కొంగు లాగి, "అమ్మా, నేను గిట్ల అనలే" అంది. చంద్రమ్మ తెర వైపే చూస్తూ కూర్చుంది.

మన మాట సినిమాలో లేకపోలేదు. కాన్వెంటులో కొంగు దోపుకుని, కాలు జారి పడుతూ తిరిగే ఆయాకు పెట్టారు. ఆమె జర జల్ది అన్నప్పుడల్లా హాలంతా నవ్వింది. మా గల్లీ వాళ్ళూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక పోటీ ఘట్టం. మల్లి బట్టీ పట్టిన మాటలు మరిచిపోయి, "మా అమ్మ చదువుకోలేదండి. కానీ నేను చదివింది మళ్ళీ చెప్పమంటుంది. నేను చెబుతుంటే ఆవిడ కూడా బడికి వచ్చినట్టేనండి" అంది. మరిచిపోకముందూ అదే భాష, మరిచిపోయాకా అదే భాష. మరి శాంత ఎందుకు లేచి చప్పట్లు కొట్టిందో తీసినవాడికే తెలియాలి. నవల పీక పిసికి, శవానికి పూలదండ వేశారు.

బయటికొచ్చాక ఓంకార్ చంద్రమ్మ దగ్గరికి వచ్చాడు. గొడవ పడతాడేమోనని నేను భయపడ్డాను. అతను మెల్లగా, "మన మాట అన్నవ్ గద అక్కా" అన్నాడు. జవాబు చెప్తానన్న మనిషి పట్టుచీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నర్సయ్య ఆమెను చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాడు.

మర్నాడు ఆఫీసులో ఆమె తనంతట తాను విశ్వేశ్వరరావు గదిలోకి వెళ్ళి నిలబడింది. అతను ఓపిగ్గానే చెప్పాడట. అన్ని జిల్లాల వాళ్ళకీ అర్థం కావాలి కదమ్మా, నాకూ బాధగానే ఉంది, మీ అమ్మాయి ముఖం మాత్రం అద్భుతం అన్నాడట. ఆ గొంతు ఏ పిల్లదని అడిగితే, పిల్ల కాదు, ఎన్నో ఏళ్ళుగా పిల్లలందరికీ గొంతిచ్చే పెద్దావిడ అని చెప్పాడట. అప్పుడు చంద్రమ్మ, "మొకం మాకిచ్చి మాట మీరు గుంజుకున్నరు సార్" అని, బకెట్ తీసుకుని బయటికొచ్చింది. నాకు ఇది చెప్పేటప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, అలుపు ఉంది.

సంగతి అక్కడితో ముగిసినా బాగుండేది. చుట్టాలు వచ్చి స్వప్నను డైలాగ్ చెప్పమనేవాళ్ళు. పిల్ల తన మాటల్లో చెబితే, గట్ల గాదు, సినిమాల లెక్క చెప్పు అనేవాళ్ళు. సినిమాలోలా చెబితే బుగ్గలు పుణికి చాక్లెట్లు ఇచ్చేవాళ్ళు. పిల్లలు దేనికి మెచ్చుకుంటే అది నేర్చుకుంటారు. తరగతిలోనూ ఆ గొంతు మొదలైంది. నేను ఒకసారి మందలిస్తే, ఇదే కరెక్టు కదా టీచర్ అంది.

పంద్రాగస్టుకు మా హెడ్మాస్టరు, ఆ మహానుభావుడే, జెండా ఎగరేశాక స్వప్నను వేదిక మీదికి పిలిచాడు. చంద్రమ్మ పనికి పోతూ పోతూ హౌస్‌కీపింగ్ యూనిఫామ్‌లోనే వచ్చి గేటు దగ్గర నిలబడింది, ఆ రోజు నిలబడ్డ చోటే. స్వప్న ఘట్టమంతా చెప్పింది. ఒక్క 'అండి' కూడా తప్పిపోలేదు. మైదానమంతా చప్పట్లు.

పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి, ఎలా చెప్పానమ్మా అని తల్లిని వాటేసుకుంది. చంద్రమ్మ ఆమె జుట్టు సరిచేసింది.

"మంచిగ జెప్పినవ్ బిడ్డా" అంది. "ఇగ ఆ పిల్లను పంపియ్యి. నువ్వు రా, ఇంటికి పోదాం."

స్వప్న వెనక్కి తిరిగి చూసింది. అక్కడ ఎవరూ లేరు.

"ఎవరినమ్మా పంపించేది?" అని అడిగింది, ఆ గొంతుతోనే.