తోక వణికిన విమానం

పెట్రోల్ వాసనకు నాకు లాల్‌గడి మలక్‌పేట్ బయలు యాదికొస్తది. చిన్నప్పుడు ఆడ, నాయిన చేసిన, రిమోట్‌తోని ఎగిరే చిన్న పెట్రోల్ విమానం ముందుకు ఉరుకకుండ నేను తోక పట్టుకొని కూసున్న. రిమోట్ రేడియో సిగ్నల్ ఎంత దూరం అందుతదో చూస్తనని, ఇంజిన్ నడుస్తుండంగనే, నాయిన రిమోట్ పట్టుకొని దూరం నడిచిండు. నన్ను ఇడిచిపెట్టి పోతుండనుకున్న. గంతల తోక రెక్క దానంతట అదే గిలగిల కొట్టుకుంది.

“నాయినా, దీనికి భయమైతాంది!” అని ఒర్రిన.

నాయిన నవ్వలే. ఉరికొచ్చి ముందు ఇంజిన్ ఆపిండు. చూస్తే ఇంజిన్‌ల రవ్వ పుట్టించే ప్లగ్ మీది ఇనుప క్యాప్ వదులైంది. రవ్వ లేసినప్పుడల్లా ఆ కరెంటు గోల విమానంలున్న రేడియోల జొర్రి తోకను ఊపుతాంది.

“గట్లనే ఎగిరితే మంది మీద పడుతుండె బిడ్డా.”

భయపడ్డది నేనే, విమానానికేం తెల్సు. కానీ ఇయ్యాల స్కూటర్ మీద నా ఎనుక కూసున్న నా బిడ్డ భయమైతాందంటె, ‘ఏం కాదు’ అనను. ముందు బండి ఆపుత.