ఫేన్యక్క పన్నెండో సూది

ఆగ్రఫేనా సవేల్యెవ్నాను మా అంతరిక్ష కర్మాగారం కుట్టు విభాగంలో అందరం ఫేన్యక్క అనేవాళ్ళం. యుద్ధకాలంలో పైలట్లకు పారాచూట్లు కుట్టిన చెయ్యి ఆమెది. ఆ శీతాకాలం శుక్రగ్రహం మీద దింపే గోళానికి పారాచూట్ కుట్టింది. మనిషి లేని గోళమే కదా అని ఒక్క కుట్టు కూడా వదులు చెయ్యలేదు.

"మనిషైతే పడేటప్పుడు దేవుణ్ణి తలుచుకుంటాడు. ఆ ఇనప ముద్దకి ఎవరున్నారే రైసా, మనం తప్ప?" అనేది నాతో.

పారాచూట్ మడిచే రోజు పొద్దున ఇంజనీరు రోదియోన్ ల్వోవిచ్ వచ్చాడు. ఆయన తెల్లకోటుకు గుండీ వేలాడుతోంది. ఫేన్యక్క నిలబెట్టి కుట్టేసింది. ఒంటి మీదున్న బట్టను కుట్టేటప్పుడు ఆ మనిషి పళ్ళ మధ్య దారప్పోగు పెట్టుకోవాలి, లేకపోతే బుద్ధి కూడా కలిపి కుట్టేసినట్టే అని మావాళ్ళ నమ్మకం.

"శుక్రుడి దాకా పోతున్నాం, ఇంకా ఈ చాదస్తమేంటి ఫేన్యా పిన్నీ!" అని నవ్వాడాయన. అంతలో ఫోను మోగితే పరుగెత్తాడు.

మాకు పొద్దున పన్నెండు సూదులిస్తారు, సాయంత్రం పన్నెండూ అప్పజెప్పాలి. పారాచూట్‌ను డబ్బాలో పెట్టి సీలు వేశాక చూస్తే ఫేన్యక్క పెట్టెలో పదకొండే ఉన్నాయి.

"నా సంచిలో అలాంటిదే ఒకటుంది, పెట్టెయ్ అక్కా. పింఛనుకు ఆరు నెలలే ఉంది నీకు," అన్నాను.

"మడతలో ఉండిపోతే? అక్కడ తెరుచుకోకపోతే నువ్వెళ్ళి తెరుస్తావా?"

తనే వెళ్ళి చెప్పింది. రోదియోన్ ల్వోవిచ్ మొహం పాలిపోయింది. మూడు రోజుల్లో ప్రయోగ కేంద్రానికి రైలు. శుక్రుడు దగ్గరికొచ్చే ఈ అదను తప్పితే మళ్ళీ ఏడాదిన్నర ఆగాలి.

"ఇవాళ ఏమేం కుట్టారు, ఆగ్రఫేనా సవేల్యెవ్నా?" పిన్ని వరస అప్పుడే పోయింది.

"పారాచూట్ ఒక్కటే." ఆమె దృష్టిలో గుండీ కుట్టడం పని కాదు మరి.

ఆమెను గుడారాల కుట్టుకు మారుస్తూ అక్కడే కాగితం రాశాడు.

"పోతాను నాయనా. దీన్ని మళ్ళీ మడిచి పోతాను," అంది.

పారాచూట్ విప్పాం. అయస్కాంతంతో, వేళ్ళతో కుట్టు కుట్టూ వెతికాం. రెండో రోజు మధ్యాహ్నం బల్ల మీదికి వంగిన రోదియోన్ ల్వోవిచ్ "అబ్బా!" అని మెడ పట్టుకున్నాడు. గుండీ కుట్టాక ఆమె అక్కడ గుచ్చి మరిచిన సూదిని కాలరు కింద నుంచి బయటికి లాగాడు. దానికింకా జానెడు దారం వేలాడుతోంది.

"దారం కరుచుకోమంటే విన్నావా? ఇద్దరి బుద్ధీ కలిపి కుట్టేశాను," అంది ఫేన్యక్క.

ఆయన ఎర్రబడి వెళ్ళిపోయాడు. కాగితం మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆమె పారాచూట్ మడిచి రైలు వేళకు అందించి, గుడారాల వైపు నడిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఊరుకోవే, గుడారాలూ కుట్టాల్సినవే," అంది.

వసంతంలో కబురొచ్చింది. శుక్రుడి మబ్బుల్లో పారాచూట్ విచ్చుకుందట. దిగుతున్నంతసేపూ గోళం రేడియోలో మాట్లాడుతూనే ఉందట.

ఆ మర్నాడు రోదియోన్ ల్వోవిచ్ గుడారాల గదికి వచ్చాడు. కోటు గుండీ ఊడి ఉంది, తనే పీకేసుకున్నట్టు తెలిసిపోతోంది. చేతిలో చింపేసిన ఆ బదిలీ కాగితం. ఫేన్యక్క ముందు నిలబడ్డాడు. పళ్ళ మధ్య అప్పటికే దారప్పోగు ఉంది.

"కదలకు నాయనా," అంది ఫేన్యక్క. గుండీ కుట్టి, దారం తెంపి, సూదిని ఆయన కళ్ళ ముందు ఒకసారి ఆడించి, తన పెట్టెలో పెట్టుకుంది.